78 పరీక్షల ఫుల్ బాడీ చెకప్: శ్రీకాకుళంలో ఇంటికొచ్చి రక్తం తీసే ప్యాకేజీ మీద సమీక్ష

ఏడు రోడ్ల జంక్షన్ చుట్టుపక్కల చూసినా, డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర చూసినా ల్యాబ్‌ల ఫ్లెక్సీల మీద ముందు కనిపించేది పరీక్షల సంఖ్యే. ఒకరు 60 అంటే పక్కవాళ్లు 78 అంటారు. ఈ సమీక్ష ఆ 78 పరీక్షల రకం గురించి. ధర రెండు వేల లోపు. పొద్దున్నే ఇంటికొచ్చి మూడు ట్యూబుల రక్తం, ఒక డబ్బా మూత్రం తీసుకెళ్తారు. బీపీ, పల్స్, ఆక్సిజన్ అక్కడికక్కడే 'ఉచితంగా' చూస్తారు. రాత్రికి వాట్సాప్‌లో పీడీఎఫ్ వస్తుంది. ల్యాబ్ పేరు చెప్పడం లేదు, ఎందుకంటే ఈ రకం ప్యాకేజీలన్నీ దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి. కింద చెప్పినవి ఏ ల్యాబ్‌కైనా పెట్టి చూసుకోవచ్చు.

తీర్పు ముందే చెప్పేస్తే: రక్తం భాగం పెట్టిన డబ్బుకు సరిపోతుంది. వైటల్స్ (బీపీ, పల్స్, ఆక్సిజన్, ఊపిరి) భాగం ఉన్నా లేనట్టే. ఈ జిల్లాకు ముఖ్యంగా కావలసినవి రెండు ఇందులో లేవు. ఐదుకు మూడు.

ముందు ఆ 78 సంగతి. సీబీసీలో (రక్తకణాల లెక్క) 24 వరుసలు. అవన్నీ ఊదా మూత ట్యూబులోని ఒకే రక్తం మీద మెషిన్ ఒక్కసారి నడిస్తే వచ్చేవి. లివర్‌లో 12 రాశారు, నిజంగా కొలిచేవి 8. ఇన్‌డైరెక్ట్ బిలిరుబిన్, గ్లోబులిన్, రెండు నిష్పత్తులు కాలిక్యులేటర్ పని. లిపిడ్‌లో (రక్తంలోని కొవ్వులు) 8 అన్నారు, సాధారణంగా కొలిచేవి టోటల్ కొలెస్ట్రాల్, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్), ట్రైగ్లిజరైడ్స్ మూడే. కిడ్నీ వరుసలు ఇంకా తమాషాగా ఉంటాయి. యూరియా ఒకటి, బీయూఎన్ (యూరియాలోని నైట్రోజన్) ఒకటి అని రెండు లెక్కలు వేస్తారు. యూరియాను 2.14తో భాగిస్తే వచ్చేదే బీయూఎన్. యూరియా 30 ఉంటే బీయూఎన్ 14, అంతే. ఆ రెండింటినీ క్రియాటినిన్‌తో (కిడ్నీలు బయటికి పంపే వ్యర్థం) విడివిడిగా భాగించి మరో రెండు 'పరీక్షలు' కలిపారు. మూత్రం స్ట్రిప్‌కు, మైక్రోస్కోప్‌కు కలిపి 14. థైరాయిడ్ 3, షుగర్ 3, ఐరన్ 4, విటమిన్లు 2. సీబీసీని ఒకటిగా, మూత్రాన్ని ఒకటిగా లెక్కేస్తే 78లో విడిగా చేసిన పని 26 దగ్గర ఆగుతుంది. ఇది మోసం కాదు, మార్కెట్ మొత్తం ఇలాగే లెక్కపెడుతుంది. కాకపోతే 60 పరీక్షల ప్యాకేజీ కంటే 78 మంచిదనుకుని మూడు వందలు ఎక్కువ పెట్టేవాళ్లు మాత్రం ఆ అదనం దేనికో అడిగి పెట్టాలి.

రిపోర్టు నాణ్యత మెషిన్ దగ్గర కాదు, చాలావరకు మన మంచం దగ్గరే తేలిపోతుంది. బ్లడ్ తీసే అబ్బాయి చేతులు ఏం చేస్తున్నాయో చూడండి. నరం కోసం చేతికి కట్టు కట్టాక నిమిషం లోపు వదిలెయ్యాలి. ఎక్కువసేపు బిగించి ఉంచి, గుప్పిట పదేపదే మూసి తెరవమంటే పొటాషియం, కాల్షియం, ప్రొటీన్ లేనంత ఎక్కువ చూపిస్తాయి. స్పిరిట్ రాసిన చోటు ఆరాకే సూది దిగాలి, అర నిమిషం చాలు. తడి మీద గుచ్చితే మంట, పైగా ఎర్రకణాలు పగిలే అవకాశం. ఈ ప్యాకేజీలో వాక్యూమ్ ట్యూబులే వాడుతున్నారు, అది మంచిది. సిరంజితో లాగి, ట్యూబు మూత తీసి, సూదిలోంచే జోరుగా చిమ్మే పద్ధతి ఇప్పటికీ చాలాచోట్ల ఉంది. అలా చిమ్మితే కణాలు పగిలి వాటిలోని పొటాషియంతో పాటు ఎల్‌డీహెచ్, ఎస్‌జీవోటీ అనే ఎంజైములు సీరమ్‌లోకి (గడ్డకట్టాక పైన తేరే ద్రవం) వచ్చేస్తాయి. మనిషికి రోగం ఉండదు, రిపోర్టులో ఉంటుంది.

ట్యూబుల వరుస కూడా ముఖ్యం. పసుపు మూత జెల్ ట్యూబు ముందు, ఊదా తర్వాత, బూడిద రంగు చివర. ఊదాలో రక్తం గడ్డకట్టకుండా ఆపే ఈడీటీఏ ఉంటుంది, అందులో పొటాషియం ఉప్పు ఉంటుంది. దాని చుక్క పసుపు ట్యూబులోకి పోతే పొటాషియం పెరిగి, కాల్షియం పడిపోతుంది. పొటాషియం 7, కాల్షియం 5 అని ఒకే రిపోర్టులో వచ్చి, మనిషి మాత్రం హాయిగా టీ తాగుతూ కనిపిస్తే ముందు అనుమానించాల్సింది ఇదే. ఊదా ట్యూబును గీత వరకు నింపి, ఎనిమిది పది సార్లు నెమ్మదిగా తలకిందులు చెయ్యాలి. గిలకొట్టకూడదు. తిప్పకుండా సంచిలో పడేస్తే లోపల సన్నటి గడ్డ కడుతుంది, ప్లేట్‌లెట్స్ ఆ గడ్డలో చిక్కుకుని 2 లక్షలున్నవి 60 వేలని వస్తాయి. డెంగీ రోజుల్లో ఇంటిల్లిపాదినీ రాత్రికి రాత్రి విశాఖ పరుగెత్తించే అంకె అది. కొందరి రక్తంలో ఈడీటీఏ తగలగానే ప్లేట్‌లెట్స్ వాటంతటవే గుంపు కడతాయి కూడా. అలాంటప్పుడు స్లైడ్ మీద చూసి, నీలం మూత సిట్రేట్ ట్యూబులో మళ్లీ తీయాలి. ప్లేట్‌లెట్స్ తక్కువ వస్తే 'స్లైడ్ చూశారా?' అని అడగడం మన హక్కు.

ఖాళీ కడుపు సూచన ఈ ప్యాకేజీలో బలహీనం. ఫోన్‌లో 'ఫాస్టింగ్‌లో ఉండండి' అని ఒక్క ముక్క చెప్పి పెట్టేస్తారు. మన వైపు అది చాలదు. 'నానేటీ తినలేదు బావూ, కాసింత తరవాణి తాగానంతే' అనే పెద్దవాళ్లు ప్రతి వీధిలో ఉంటారు. తరవాణి, గంజి, అంబలి, పాలు లేని టీలో వేసిన రెండు చెంచాల పంచదార, అన్నీ తిండి కిందే లెక్క. మంచినీళ్లు మాత్రం తాగాలి. తాగకపోతే నరం దొరకదు, యూరియా కాస్త పెరుగుతుంది. 8 నుంచి 12 గంటలు చాలు, 16 గంటలు కడుపు మాడ్చుకుంటే మేలేమీ లేదు. బీపీ బిళ్ల మామూలుగా నీళ్లతో వేసుకోవచ్చు. షుగర్ బిళ్ల, ఇన్సులిన్ మాత్రం రక్తం ఇచ్చి, తినే ముందు. థైరాయిడ్ బిళ్ల రక్తం ఇచ్చాక వేసుకోవాలి.

రిపోర్టులో ఎవరూ చూడని చోటు పైన కుడివైపున్న మూడు టైములు: తీసిన సమయం, ల్యాబ్‌కు చేరిన సమయం, రిపోర్టు ఇచ్చిన సమయం. ఈ ప్యాకేజీ రిపోర్టులో మొదటి రెండూ ఒకటే పడ్డాయి. అంటే మంచం దగ్గర టైము రాయలేదు, ల్యాబ్‌లో ఎంట్రీ కొట్టిన టైమే రెండు చోట్లా వేశారు. ఇది చిన్న విషయం కాదు. జెల్ ట్యూబు అరగంట నిలబెట్టి గడ్డకట్టనిచ్చి, రెండు గంటల్లోపు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి సీరమ్ వేరు చెయ్యాలి. వేరు చేయని రక్తంలో కణాలు చక్కెరను తింటూనే ఉంటాయి, గంటకు 5 నుంచి 7 శాతం. పొద్దున ఆరింటికి తీసిన 130 షుగర్ పదింటికి 100 దగ్గరికి దిగుతుంది. షుగర్ ఉన్నవాడికి లేదని రిపోర్టు వస్తుంది. బూడిద మూత ట్యూబు అందుకే, అందులో ఉండే ఫ్లోరైడ్ ఆ తినడాన్ని ఆపుతుంది. అదీ వెంటనే కాదు, గంట రెండు గంటలు పడుతుంది. పలాస, టెక్కలి, ఇచ్ఛాపురం వైపు కలెక్షన్ సెంటర్లలో ఇచ్చేవాళ్లు ఒక్క ప్రశ్న అడగాలి: 'సెంట్రిఫ్యూజ్ ఇక్కడే ఉందా, ట్యూబులు అలాగే శ్రీకాకుళమో విశాఖో వెళ్తాయా?' ఇక్కడే తిప్పి, ఐస్ ప్యాక్ డబ్బాలో పంపితే ఇబ్బంది లేదు. మే నెల ఎండలో బండి డిక్కీలో పోయే ట్యూబులతో వచ్చే పొటాషియం అంకెను నమ్మే పనిలేదు.

సీబీసీ వరకు ఈ ల్యాబ్ పని బాగుంది. ఫైవ్ పార్ట్ మెషిన్ వాడుతున్నారు, తెల్లకణాల ఐదు రకాలూ విడివిడిగా వచ్చాయి. త్రీ పార్ట్ మెషిన్‌లో ఇసినోఫిల్స్ విడిగా రావు, అలర్జీలు, నులిపురుగులు ఎక్కువున్న చోట అది లోటే. హిమోగ్లోబిన్ మగవాళ్లకు 13 నుంచి 17, ఆడవాళ్లకు 12 నుంచి 15. తెల్లకణాలు 4 వేల నుంచి 11 వేలు. ప్లేట్‌లెట్స్ లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షలు. రిపోర్టు సరిగా ఉందా అని ఇంట్లోనే పట్టుకునే చిట్కా ఒకటుంది. హిమోగ్లోబిన్‌ను మూడుతో గుణిస్తే పీసీవీకి (రక్తంలో ఎర్రకణాల శాతం) దగ్గరగా రావాలి. 12కు 36, మూడు అటూఇటూ. 12 పక్కన పీసీవీ 45 ఉంటే ఏదో తేడా ఉందని అర్థం. ఇక హిమోగ్లోబిన్ తక్కువై ఎంసీవీ (ఎర్రకణం సైజు) 80 లోపుంటే, ఎంసీవీని ఆర్‌బీసీ (ఎర్రకణాల సంఖ్య, మిలియన్లలో) అంకెతో భాగించండి. 13 దాటితే ఐరన్ లోపం వైపు, 13 లోపైతే తలసీమియా ట్రెయిట్ (తల్లిదండ్రుల నుంచి వచ్చే హిమోగ్లోబిన్ లోపం) వైపు మొగ్గు. ఇది అంచనా మాత్రమే, తేల్చేది ఫెరిటిన్, హెచ్‌పీఎల్‌సీ (హిమోగ్లోబిన్ రకాలు చెప్పే పరీక్ష). ఈ ప్యాకేజీలో ఐరన్ పేరిట నాలుగు వరుసలిచ్చి, అసలైన ఫెరిటిన్ పెట్టలేదు. సీరమ్ ఐరన్ పొద్దునకీ సాయంత్రానికీ మారిపోతుంది, నిన్న వేసుకున్న ఐరన్ బిళ్లతోనూ మారుతుంది. నిల్వ చెప్పేది ఫెరిటిన్.

కిడ్నీ విషయంలో కొంచెం ఆగాలి, ఎందుకంటే ఇది కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతపు జిల్లా. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం వైపు వాళ్లు ప్యాకేజీలో ముందు తిప్పాల్సిన పేజీ ఇదే. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాయి. కారణం మాత్రం ఇంకా ఫలానా అని తేలలేదు. ఇక్కడి జబ్బు తీరు ఏమిటంటే, మొదట్లో మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, వాపులుండవు, బీపీ కూడా మామూలుగానే ఉండొచ్చు. అందువల్ల మూత్రం స్ట్రిప్‌లో అల్బుమిన్ (ఒక ప్రొటీన్) 'నిల్' అని చూసి ఊరుకోకూడదు. క్రియాటినిన్, దాంతో లెక్కగట్టే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు వడగట్టే వేగం) చూడాలి.

ఆ ఈజీఎఫ్ఆర్‌లోనే ఈ రిపోర్టు తడబడింది. అంకె ఇచ్చారు గానీ దానికి ఎరుపు గుర్తు పెట్టే ఏర్పాటు లేదు, క్రియాటినిన్ రేంజి దాటితేనే పెడతారు. క్రియాటినిన్ రేంజి మగవాళ్లకు 0.7 నుంచి 1.3, ఆడవాళ్లకు 0.6 నుంచి 1.1. అరవై ఏళ్ల ఆవిడకు 1.1 వచ్చిందనుకోండి. రేంజిలోనే ఉంది, నల్ల అక్షరాల్లోనే పడుతుంది, ఇంట్లో అందరూ 'నార్మలే' అంటారు. 2021 సీకేడీ-ఎపీ సూత్రంతో లెక్కేస్తే ఆవిడ ఈజీఎఫ్ఆర్ 57 చుట్టూ వస్తుంది. 60 లోపు మూడు నెలల పాటు ఉంటే అది దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు. అదే 25 ఏళ్ల కుర్రాడికి 1.3 వస్తే 78. కండ తక్కువున్న ముసలివాళ్లలో క్రియాటినిన్ తక్కువే తయారవుతుంది కాబట్టి, కిడ్నీ సగం పోయినా అంకె రేంజి దాటకపోవచ్చు. ఒక్కసారి వచ్చిన అంకెతో గాభరా పడనూ కూడదు. ముందు రాత్రి గట్టిగా మాంసం తిన్నా, పొలంలో ఎండకు నీళ్లు లేక పనిచేసి వచ్చినా కొంచెం పెరుగుతుంది. బాగా నీళ్లు తాగి, వారం పది రోజులకు మళ్లీ చేయించాలి. మళ్లీ ఎక్కువే వస్తే డాక్టరు దగ్గరికి. మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ బిళ్లలు ఈలోపే ఆపాలి.

లేవని ముందు చెప్పిన రెండూ ఇక్కడివే. ఒకటి, మూత్రంలో అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి. 30 లోపు ఉండాలి, స్ట్రిప్ పట్టుకోలేని తక్కువ మోతాదును ఇది పట్టుకుంటుంది, షుగరున్నవాళ్లకు ఏడాదికోసారి తప్పనిసరి. రెండు, సోడియం, పొటాషియం. సోడియం 135 నుంచి 145, పొటాషియం 3.5 నుంచి 5. నిష్పత్తుల మీద నిష్పత్తులు కలిపే బదులు ఈ రెండూ పెట్టి ఉంటే ఇంకో నక్షత్రం ఇచ్చేవాళ్లం.

షుగర్ భాగం సరిగానే ఉంది. పరగడుపున 100 లోపు మామూలు, 100 నుంచి 125 హద్దు మీద, 126 నుంచి షుగర్, అదీ మరో రోజు మళ్లీ చూసి తేల్చాలి. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పేది) 5.7 లోపు మామూలు, 6.5 నుంచి షుగర్. దాని పక్కన వేసే 'సగటు గ్లూకోజ్' కూడా లెక్కే, 6.5కు 140, 7కు 154 వస్తుంది. ఏ1సీ ఎర్రకణం ఆయుష్షు మీద ఆధారపడుతుంది కాబట్టి, రక్తం వేగంగా పగిలేవాళ్లలో తక్కువ చూపిస్తుంది, ఐరన్ లోపంలో ఎక్కువ చూపిస్తుంది. సీతంపేట లాంటి ఏజెన్సీ ప్రాంతాల గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ (ఎర్రకణాలు వంకర తిరిగి త్వరగా పగిలే జబ్బు) ఉంది. అలాంటి వాళ్లకు ఏ1సీ ఒక్కటే పట్టుకుని మందు పెంచడం, తగ్గించడం సరికాదు, పరగడుపున, తిన్నాక చేసే షుగర్‌లే నమ్మకం. ప్యాకేజీలో తిన్న తర్వాతి షుగర్ లేదు. ఇంటికి రెండోసారి రావాలి కాబట్టి పెట్టలేదంతే.

మిగతావి గబగబా. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) కొలిచారా, లెక్కేశారా చూడండి. లెక్కేస్తే ట్రైగ్లిజరైడ్స్ 400 దాటినప్పుడు ఆ అంకె చెల్లదు. బిలిరుబిన్ ఒక్కటే 1.8, 2 అని వచ్చి, అది కూడా ఇన్‌డైరెక్టే ఎక్కువై, ఎస్‌జీపీటీ (లివర్ ఎంజైము), హిమోగ్లోబిన్ అన్నీ బాగుంటే చాలామందిలో అది గిల్బర్ట్ అనే పుట్టుకతో వచ్చే నిరపాయమైన తీరు. ఖాళీ కడుపుతో ఉన్నప్పుడు ఇంకాస్త పెరుగుతుంది. కామెర్లనుకుని పసరు మందుకు పరుగెత్తక్కర్లేదు. థైరాయిడ్‌కు చూసే టీఎస్‌హెచ్ 0.4 నుంచి 4 చుట్టూ ఉంటుంది, గర్భిణులకు రేంజి వేరు. జుట్టు రాలుతోందని బయోటిన్ బిళ్లలు వాడేవాళ్లు రెండు రోజుల ముందే ఆపి ఇవ్వాలి, లేకపోతే కొన్ని మెషిన్లలో థైరాయిడ్ తలకిందులుగా కనిపిస్తుంది.

ఎరుపు అక్షరాల గురించి ఒక మాట. నార్మల్ రేంజి అంటే ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో 95 శాతం మంది పడే హద్దు. అంటే ఏ రోగమూ లేని మనిషికి కూడా ఇరవై పరీక్షలు చేస్తే కనీసం ఒకటైనా ఎరుపు పడే అవకాశం 64 శాతం. 78 వరుసల్లో ఎరుపు లేని రిపోర్టు వస్తేనే ఆశ్చర్యం. హద్దుకు కొద్దిగా అటూ ఇటూ ఉన్న ఎంపీవీ, పీడీడబ్ల్యూ (ప్లేట్‌లెట్ల సైజు అంకెలు) లాంటివి చూసి నిద్ర పాడుచేసుకోకండి. ఫోన్‌లో 'ఇంకో ఐదు వందలకు క్యాన్సర్ మార్కర్లు కూడా' అని అమ్మజూపితే వద్దనండి. అండాశయ క్యాన్సర్ మార్కరైన సీఏ-125 నెలసరిలోనూ పెరుగుతుంది, లక్షణాలు లేనివాళ్లకు అది వడపోత పరీక్ష కాదు. జ్వరం లేకుండా వైడాల్ (టైఫాయిడ్‌కు చేసే రక్తపరీక్ష) కూడా అంతే దండగ. మన ప్రాంతంలో 1:80 చాలామందికి ఊరికే వస్తుంది, దాన్నే టైఫాయిడ్ అని వారం యాంటీబయాటిక్ వాడేస్తారు. నిజంగా టైఫాయిడ్ అనుమానముంటే మందు మొదలెట్టకముందే బ్లడ్ కల్చర్.

ఉచిత వైటల్స్ దగ్గరే ఈ సర్వీసు పరువు పోయింది. మేడ మెట్లెక్కి వచ్చి, రక్తం తీసిన వెంటనే, మాట్లాడుతూనే, జుబ్బా చేతి మీద నుంచే బీపీ పట్టీ చుట్టేశారు. చెయ్యి కిందికి వేలాడుతోంది. చెయ్యి గుండె కంటే 10 సెంటీమీటర్లు కిందుంటే 7, 8 పాయింట్లు ఎక్కువ వస్తాయి. లావు చేతికి చిన్న పట్టీ వేస్తే ఇంకా ఎక్కువ. సరైన పద్ధతికి ఐదు నిమిషాలు కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, కాలు మీద కాలు వేయకుండా, మాట్లాడకుండా కూర్చోవాలి. అంతకు అరగంట ముందు టీ, చుట్ట ఉండకూడదు. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి సగటు తీయాలి. 120/80 లోపు మంచిది. 140/90 దాటితే వేరే రోజుల్లో మళ్లీ చూశాకే బీపీ అని పేరు పెట్టాలి. పల్స్ 60 నుంచి 100, ఆక్సిజన్ 95 పైన. గోళ్లకు రంగున్నా, గోరింటాకు ముదురుగా పండినా, వేళ్లు చల్లగా ఉన్నా ఆక్సిమీటర్ తప్పు చూపించొచ్చు, వేరే వేలికి మార్చి చూడాలి. ఊపిరి లెక్క నిమిషానికి 12 నుంచి 20. షీటులో ఇంటిల్లిపాదికీ 18 అని రాసి ఉంది, ఎవరి ఛాతీ వైపూ చూడకుండానే. న్యుమోనియాలో ముందుగా మారే అంకె అదే, పూర్తిగా నిమిషం లెక్కపెడితే తప్ప తెలియదు. ఇంట్లో బీపీ మెషిన్ ఉంటే ఈ పేజీ చింపేయొచ్చు.

ఇంకో లోటు, ప్రమాదకరమైన అంకెలకు ఫోన్ చేసే ఏర్పాటు లేదు. హిమోగ్లోబిన్ 6, పొటాషియం 6.5, షుగర్ 500 లాంటివి వస్తే పీడీఎఫ్ కోసం ఆగకుండా ల్యాబే ఫోన్ చెయ్యాలి. బుక్ చేసేటప్పుడే ఈ సంగతి అడగండి. ల్యాబ్‌లకు నాణ్యత గుర్తింపు ఇచ్చే ఎన్ఏబీఎల్ గుర్తు ఉంటే సంతోషమే కానీ అది ఒక్కో పరీక్షకు విడిగా వర్తిస్తుంది. గుర్తింపు పరిధిలో లేనివాటి పక్కన చుక్క గుర్తు పెట్టి కింద చిన్న అక్షరాల్లో రాస్తారు.

ఎవరు తీసుకోవాలి? నలభై దాటి, ఇంతవరకు ఏ పరీక్షా చేయించుకోని వాళ్లకు మొదటిసారి పనికొస్తుంది. ఏడాదికోసారి చూసుకునేవాళ్లకు సీబీసీ, పరగడుపు షుగర్, క్రియాటినిన్, లిపిడ్, ఎస్‌జీపీటీ, మూత్రంలో అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి విడిగా రాయించుకోవడమే మేలు. వీటిలో చాలావరకు పెద్ద ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగానే జరుగుతాయి, ఓపీ క్యూలో నిలబడే ఓపిక కావాలి అంతే. ఏ ల్యాబ్ పట్టుకున్నా తర్వాత పోల్చుకోవడానికి అదే ల్యాబ్‌కు వెళ్లండి, మెషిన్ మారితే అంకె కొద్దిగా మారుతుంది. అనుమానం వస్తే రిపోర్టు వచ్చిన రోజే ఫోన్ చేసి అదే శాంపిల్ మళ్లీ నడపమనండి. సీబీసీ ట్యూబు 24 గంటలు దాటాక నడిపినా ఉపయోగం ఉండదు, అప్పుడు కొత్త రక్తం ఇవ్వాల్సిందే. వాళ్ల శాంపిల్ గడ్డకట్టడమో, కణాలు పగలడమో కారణమైతే దానికి మళ్లీ డబ్బు అడగకూడదు. ఈ ల్యాబ్ అడగలేదు.